వంటింటి అరల తలుపులు: పీకేద్దామా, రంగు వేయిద్దామా?

మంగంపేట, ఓబులవారిపల్లె, రైల్వే కోడూరు వైపు కాస్త పాత ఇళ్లలో వంటింటి అరలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. గోడలోకి దించిన కడప బండలే అరలు. వాటి ముందు చెక్క ఫ్రేము, దానికి రెండు రెక్కల తలుపు. ఏళ్లు గడిచేకొద్దీ రంగు పెచ్చులూడుతుంది, పొయ్యి పక్కన తలుపుకు జిడ్డు పట్టుకుంటుంది. "ఇదంతా పీకించేసి మాడ్యులర్ పెట్టించుకోండి" అని ఎవరో ఒకరు చెప్పేది అప్పుడే. ఆ మాట విని టేకు తలుపుల్ని పాత సామాన్ల కొట్టుకు తోలేస్తుంటే మనసు ఉసూరుమంటుంది.

పాడైంది రంగా, చెక్కా? ముందు తేల్చుకోవాల్సింది ఇదే. సింకు కింది తలుపుతో మొదలుపెట్టండి, ఎక్కువ తడి తగిలేది దానికే. కింది అంచు దగ్గర స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా నొక్కండి. మొన దిగకపోతే పైన రంగు ఎంత అసహ్యంగా ఉన్నా లోపల చెక్క గట్టిదే. పచ్చి కొబ్బరిలోకి దిగినట్టు దిగితే అక్కడ పుచ్చింది. పుచ్చు అంచుకే పరిమితమైతే వడ్రంగి ఆ మేరకు కోసి కొత్త ముక్క అతుకుతాడు. బందుల దగ్గర మర పట్టు తప్పితే తలుపు పోయినట్టు కాదు. ఆ రంధ్రంలో ఫెవికాల్ రాసిన చెక్క పుల్ల దిగగొట్టి, ఆరాక మర మళ్లీ బిగిస్తే చాలు. ఫ్రేము గోడను ఆనుకునే చోట మాత్రం టార్చి వేసి చూడండి. మట్టి గీతలు కనిపిస్తే చెదలున్నట్టే. ముందు వాటి సంగతి చూడకుండా రంగు వేస్తే డబ్బు దండగ.

పార్టికల్ బోర్డుతో చేసిన తలుపుల విషయం వేరు. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన ఆ పలక ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ యథాస్థితికి రాదు. దానిమీద ఎంత ఖరీదైన రంగు వేసినా వృథా, మార్చేయాల్సిందే. ప్లైవుడ్‌కు ఐఎస్ 710 ముద్ర ఉంటే అది తడిని బాగా తట్టుకునే రకం, పొరలు విడకపోతే ఉంచుకోవచ్చు.

అసలు మాడ్యులర్ కోసం ఆ కడప బండల్ని వదులుకోవడమే పెద్ద నష్టం. రాయి ఉబ్బదు, చెదలకు తిండి కాదు. కొత్త పెట్టెల్లో దాని స్థానంలోకి వచ్చేది చాలాసార్లు బోర్డే. కాకపోతే కడప బండ సున్నపురాయి జాతిది. యాసిడ్ పోసి కడిగితే నునుపు పోతుంది. సబ్బునీళ్లు చాలు.

రంగు వేయించాలనుకున్నాక మంగంపేటను తలుచుకోక తప్పదు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ తవ్వే ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపం ప్రపంచంలోని అతిపెద్ద వాటిల్లో ఒకటి. ఈ రాయి నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు ఉండటం వల్ల ప్రధానంగా చమురు బావుల తవ్వకానికి పోతుంది. మెత్తగా నూరిన దీని పొడిని రంగుల్లో, ప్రైమర్లలో కూడా కలుపుతారు. ఆమ్లానికీ క్షారానికీ చలించదు కాబట్టి తగుపాళ్లలో ఉంటే మేలే. అలాగని డబ్బా బరువుగా ఉంది కాబట్టి అది మంచి రంగు అనుకోకండి. పొడి ఎక్కువై, పట్టునిచ్చే జిగురు తగ్గినా డబ్బా బరువుగానే ఉంటుంది.

పాత రంగును గీకేటప్పుడు జాగ్రత్త చాలా అవసరం. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90కి మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరుతుంది. తలుపులు ఊడదీసి బయటికి తెచ్చి, జిడ్డు కడిగి, నీళ్ల కాగితం (వాటర్ పేపర్)తో తడిపి రుద్దించండి. రాలిన పొట్టును పేపరులో చుట్టి పారేయండి. ఆ పూట పిల్లల్ని, గర్భిణుల్ని అటు రానివ్వకండి.

కార్తీకం వానల్లో తలుపు బిగుసుకుందని చిత్రిక పట్టించకండి. చెక్క తేమ పీల్చి ఉబ్బింది, అంతే. అప్పుడు గీస్తే ఎండాకాలంలో సందు తేలుతుంది. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు ఈ పని పెట్టుకోండి. చెక్క బాగా ఆరి ఉంటుంది, ప్రైమరు గట్టిగా పట్టుకుంటుంది.