చలిదేశమున గంజాయినార సేద్యము



గంజాయి యనినంతనే మీకు చిలుము జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవునది ఆ మొక్కలోనే మత్తు మిక్కిలి తక్కువగా నుండు తెగ. దీని కాండమునుండి నారయు, గింజనుండి నూనెయు లభించును. మన చేలలోని జనుము దీనికి చుట్టము కాదు. అది చిక్కుడు కుటుంబపు మొక్క. 1985 నాటి మత్తుమందుల చట్టము ననుసరించి మన దేశమున అనుమతి లేక గంజాయి పండించుట నేరము. నారకును గింజకును ప్రభుత్వము అనుమతి నీయవచ్చునని ఆ చట్టముననే కలదు. ఆ ప్రకారము హిమాలయసీమ యగు ఉత్తరాఖండమున 2018లో వ్యాపారసేద్యమునకు త్రోవ తెరచిరి. నా మాటలు విని మన్యములో విత్తులు చల్లబోవలదు!

కెనడాలో 1938లో నిషేధింపబడిన యీ సేద్యమును 1998లో మరల అనుమతించిరి. నడుమ అరువదియేండ్లు గడచెను. పండించి యెరిగిన చేతులు దాదాపు మిగులలేదు. గోధుమయు బార్లీయు పండించు రైతులు కొత్తగా నీ పంటను నేర్వవలసి వచ్చెను. అనుజ్ఞాపత్రము పొందవలెను; ప్రభుత్వ మంగీకరించిన విత్తనమునే వేయవలెను; మత్తుపదార్థము నూటికి 0.3 పాలు మించరాదు.

చలిదేశమున చలియే శత్రువని మన మనుకొందుము. అది సగము నిజము. లేతమొక్క కొలదిపాటి మంచు నోర్చుకొనును. నేల వేడిమి 8, 10 డిగ్రీలకు రాగానే విత్తు మొలచును. అసలు చిక్కు పగటి నిడివియందున్నది.

శ్రీకాకుళము, విజయనగరము వైపు గోగు వేయువారికి దీనిని వివరింప బనిలేదు. గోగును అదనున వేసిన నిలువెత్తు మించి పెరుగును. ఆలసించి వేసిన పొట్టిగా నుండగనే పూతకు వచ్చి నార కురచపడును. పగలు తగ్గుటను కనిపెట్టి పూచు మొక్క యది. గంజాయియు నట్టిదే. 1912లో తూర్న్వా యను ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు, పగటివెలుగు తగ్గించినచో నీ మొక్క త్వరగా పూచునని ప్రకటించెను.

విజయవాడలో సంవత్సరమున మిక్కిలి పొడవైన పగలు 13 గంటలకు కొంచెము హెచ్చు. కెనడాలో 52వ అక్షాంశమునగల సస్కటూన్ పట్టణమున నదే పగలు సుమారు 16 ముక్కాలు గంటలు! అంతటి వెలుగులో మొక్క పైకి పైకి పోవుచుండునే గాని పూతమాట తలపెట్టదు. పగళ్లు తగ్గి పూత పూయుసరికి వేసవి చివరకు వచ్చును. ఇక గింజ గట్టిపడుటకు వ్యవధి యెక్కడ? సెప్టెంబరు నడుమనే గట్టి మంచు పడవచ్చును. నార కొరకు వేసినవానికి ఈ యాలస్యము లాభమే, కాండము పొడవగును గనుక. గింజ కోరినవానికి మాత్రము పంట చేతికందదు.

కావున నచ్చటి రైతు లెక్కను వెనుకనుండి ప్రారంభించును. మంచు పడని దినములు సుమారు 110, 120 మాత్రమే. మే చివరనో జూను మొదటనో విత్తి, ఆ గడువులో ముదురు రకము నెన్నుకొనవలెను. ఫిన్లాండు దేశమున రూపొందిన ఫినోలా యనునది యిట్టిది. పగటి నిడివితో నిమిత్తము లేక, విత్తిన సుమారు నెలదినములకే పూతకు వచ్చును. ఎత్తు నాలుగైదు అడుగులు మించుట యరుదు. ఎత్తును జూచి మురియువారి కిది నచ్చదు. నాకైతే గింజ పండెడి కురచమొక్కయే మేలని తోచుచున్నది.

విత్తు లోతు అంగుళములోపే యుండవలెను. నీరు నిలుచు నేల యీ పంటకు పనికిరాదు. లేతదనమున రెండు దినములు నీట నున్న మొక్క పసుపుబారి యెదుగుదల మానును. ఒత్తుగా మొలచిన చేలో కలుపు తనంత తానే యణగును.

కోత దగ్గరనే కొత్తవారు కష్టపడిరి. గింజ యంతయు నొకసారి పండదు. చివరిగింజ కొరకు కాచుకొన్నచో మొదటిది రాలిపోవును, మిగిలినది పిట్టల పాలగును. అందుచే నూటికి డెబ్బది పాళ్లు పండగనే కోయుదురు. ఆ పచ్చికాండపు నార కోతయంత్రపు ఇరుసులకు చుట్టుకొని యంత్రమునే నిలిపివేయును. రాపిడికి నిప్పు పుట్టుటయు కలదు. కోసిన గింజలో తేమ హెచ్చు. రాశిగా వదలిన కొలది గంటలలోనే వేడెక్కి చెడును; పచ్చి వేరుసెనగ రాశిలో చేయి పెట్టినవారికి ఆ వేడి తెలియును. వెంటనే గాలి పట్టించి, తేమ నూటికి 9 పాళ్లకు దిగువకు వచ్చువర కారబెట్టవలెను.

నారకోత వేరు. మనము గోగును చెరువులో ఊరవేయుదుము. అచ్చట కోసిన కాండములను పొలముననే పరచి, రాత్రి మంచుకు తడిసి పగటి యెండ కారునట్లు వారములకొలది యుంచి, నడుమ తిరుగవేయుదురు.

ఇన్నియు నేర్చినను, కొనువాడు లేనిదే పంట యేమి? కెనడాలో 1998లో సుమారు 6 వేల యెకరములుగా నున్న సాగు 1999లో 35 వేలకు పెరిగెను. మానిటోబా రాష్ట్రమున రైతులతో కొనుగోలు ఒడంబడికలు చేసికొన్న యొక పెద్ద కంపెనీ దివాలా తీయుటచే గింజ రైతుల కొట్లలోనే నిలిచిపోయెను. మరుసటి యేట సాగు 14 వేల యెకరములలోపునకు దిగెను. మానక నిలిచినవారు గింజ పొట్టు తీసియు, నూనె పిండియు, ఆహారముగా నమ్ము మార్గములను వెదకుకొనిరి. నేటికిని ఆ దేశమున నీ పంటను ముఖ్యముగా గింజకొరకే వేయుచున్నారు.