నిరసనకు ముందు చందా

నవంబరు దగ్గర పడుతోందంటే అమెరికాలోని జెస్యూట్ (యేసుసభ) విశ్వవిద్యాలయాల్లో కొన్నేళ్లపాటు ఒక హడావిడి కనిపించేది. విద్యార్థులు బల్ల వేసుకుని కేకులు అమ్మేవారు, పూర్వ విద్యార్థులకు ఉత్తరాలు రాసేవారు, ఆదివారం పూజ అయ్యాక గుడి గుమ్మం దగ్గర నిలబడి చందా అడిగేవారు. జార్జియా రాష్ట్రంలో కొలంబస్ నగరం పక్కనున్న ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరం గేటు ముందు జరిగే నిరసనకు వెళ్లడానికి ఆ డబ్బు. షికాగో వంటి ఊళ్ల నుంచి వెయ్యి కిలోమీటర్లు దాటిన బస్సు ప్రయాణం అది. చందా వసూలును అసలు పనికి ముందు తప్పని తతంగంగా చూడటం మామూలే. కానీ ఆ నిరసనకు గేటు దగ్గర ఎంత బలం వచ్చిందో ఈ చందాల దగ్గరా అంతే వచ్చిందని నా నమ్మకం.

ఆ గేటు లోపల ఏముందో ముందు తెలియాలి. లాటిన్ అమెరికా సైనికులకు శిక్షణ ఇవ్వడానికి అమెరికా 1946లో పనామాలో ఒక సంస్థ పెట్టింది. స్కూల్ ఆఫ్ ది అమెరికాస్‌గా పేరుపడిన ఆ బడి 1984లో ఫోర్ట్ బెన్నింగ్‌కు మారింది. అప్పటికి మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం రగులుతోంది. పన్నెండేళ్లలో 75 వేల మంది ప్రాణాలు పోయిన యుద్ధం అది. పేదల పక్షాన మాట్లాడిన అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరోను 1980 మార్చిలో పూజ చేస్తుండగానే కాల్చి చంపారు. 1989 నవంబరు 16 తెల్లవారుజామున ఆ దేశ సైన్యంలోని అట్లాకాటిల్ దళం సైనికులు రాజధాని శాన్ సాల్వడార్‌లోని జెస్యూట్ విశ్వవిద్యాలయంలోకి చొరబడ్డారు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఇగ్నాసియో ఎల్లకురియా సహా ఆరుగురు ఫాదర్లను, ఆ రాత్రి అక్కడ తలదాచుకున్న వంటమనిషి ఎల్బా రామోస్‌ను, ఆమె కూతురు సెలీనాను చంపేశారు. సెలీనాకు పదహారేళ్లే. ఐక్యరాజ్యసమితి సత్యశోధన సంఘం 1993లో నివేదిక ఇచ్చింది. అందులో ఈ హత్యలకు సంబంధించి పేర్లు వచ్చిన అధికారుల్లో ఎక్కువమంది ఆ అమెరికన్ బడిలో చదివినవారే.

అప్పట్లో మేరినాల్ సభకు చెందిన ఫాదర్ రాయ్ బుర్జువా, వియత్నాంలో యుద్ధం చేసి వచ్చిన మనిషి, 1990లో కొద్దిమందితో ఆ గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చున్నారు. అక్కడి నుంచి, ఆ హత్యలు జరిగిన నవంబరు నెలలోనే ఏటా సాగే నిరసనగా అది పెరిగింది. ఒక్కొక్క మృతుడి పేరూ చదువుతుంటే, పేరు రాసిన తెల్ల సిలువ ఎత్తి జనమంతా 'ప్రెసెంతే' అనేవారు, అతను మన మధ్యే ఉన్నాడని. గీత దాటి స్థావరంలో అడుగుపెట్టినవారిలో కొందరు నెలల తరబడి జైలుకు వెళ్లారు, వారిలో వయసు మళ్లిన కన్యస్త్రీలూ ఉన్నారు. 2000 తర్వాత కొన్నేళ్లు జనం వేలల్లో వచ్చారు. వారిలో చాలామంది జెస్యూట్ బడుల, కళాశాలల పిల్లలు.

ఇప్పుడు చందా సంగతి. 'ఎక్కడో ఎల్ సాల్వడార్‌లో జరిగినదానికి నేనెందుకు ఇవ్వాలి?' అని అడిగే పెద్దమనిషికి ఆ విద్యార్థి ఏదో ఒకటి చెప్పక తప్పదు. నిజమైన జవాబు ఒక్కటే: మీరు ఇప్పటికే ఇస్తున్నారు. ఆ బడి నడిచేది అమెరికన్ల పన్నులతో. ఆ యుద్ధకాలంలో సాల్వడార్ సైన్యానికి అమెరికా సాయం వంద కోట్ల డాలర్లు దాటింది. అడగకుండానే ఒక పక్షానికి వెళ్లిన డబ్బు గురించి, రెండో పక్షం వచ్చి అడుగుతోంది. ఈ లెక్క విన్నవాడు పది డాలర్లు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ బడి ఉందన్న సంగతి ఇక మరిచిపోలేడు. ఇరవై ఏళ్లు నిండని పిల్ల ఆ జవాబు చెప్పాలంటే ఆ చరిత్ర ముందు తనకు తెలిసి ఉండాలి. చందా అడగడం వల్ల వచ్చే చదువు అదే.

ఆ బస్సు ఖర్చేదో సాల్వడార్ పేదలకే పంపవచ్చు కదా అనేవారున్నారు. మంచి మనసుతో అడిగే ప్రశ్నే, తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే గాయానికి కట్టు కట్టడం ఒక పని, గాయం చేస్తున్న చేతిని ఆపడం ఇంకో పని. ఆపే పనికి డబ్బు ఇచ్చేవారు ఎప్పుడూ తక్కువే. కళాశాలకు రాజకీయాలెందుకన్నది మరో అభ్యంతరం. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల ద్వారా మనకు తెలిసిన యేసుసభే 1975లో ముగిసిన తన మహాసభలో విశ్వాస సేవనూ న్యాయసాధననూ విడదీయరాదని తీర్మానించింది. ఆ మాట నమ్మి చదువు చెప్పే సంస్థ, పిల్లలు దాన్ని ఆచరించబోతే ఆపడం న్యాయం కాదు. ఇక వేలమంది పట్టభద్రుల్లో కొందరు చేసిన నేరాలకు బడిని తప్పుపట్టవచ్చా అని స్థావరం వైపువారు అడిగేవారు. 1996లో పెంటగాన్ తానే బయటపెట్టిన ఆ బడి శిక్షణ పుస్తకాల్లో హింసించడం, బెదిరించడం, హత్యకు డబ్బు ఇవ్వడం గురించి రాసి ఉంది. నేరం కొందరిదేనన్న వాదన అక్కడ నిలవదు.

ఫలితం ఏమిటన్న ప్రశ్న అన్నిటికన్నా గట్టిది. బడి మూతపడలేదు. 2001లో పేరు మార్చుకుని, పాఠాల్లో మానవ హక్కులు చేర్చుకుని సాగుతూనే ఉంది. కానీ ఒత్తిడి లేకపోతే ఆ మార్పయినా వచ్చేదనుకోను. 1999లో ఆ బడి నిధులకు కోత పెట్టడానికి ప్రతినిధుల సభలో మెజారిటీ ఓటు వేసింది. 2004లో వెనిజులా, ఆ తర్వాత అర్జెంటీనా, ఉరుగ్వే తమ సైనికులను అక్కడికి పంపడం మానేశాయి. గేటు దగ్గర మొదలైన జెస్యూట్ విద్యార్థుల సదస్సు 2010లో వాషింగ్టన్‌కు మారింది. ఇప్పుడు వాళ్లు చట్టసభ సభ్యుల కార్యాలయాలకు వెళ్లి వలసదారుల గురించి మాట్లాడుతున్నారు.

చందా అడగడమే ఒక చదువు కాబట్టి, ఖర్చంతా కళాశాలే భరిస్తే మేలనే మాట నాకు సగమే నచ్చుతుంది. కళాశాల ఏమీ ఇవ్వకపోతే కలిగినవారి పిల్లలే బస్సెక్కుతారు, రాత్రిపూట పనిచేసి ఫీజు కట్టుకునే విద్యార్థి మిగిలిపోతాడు. అంతా ఇచ్చేస్తే గుడి గుమ్మం దగ్గర 'నేనెందుకు ఇవ్వాలి?' అని అడిగేవారూ ఉండరు, జవాబు చెప్పేవారూ ఉండరు. అవసరమైన విద్యార్థికి పెద్ద వాటా కళాశాల ఇచ్చి, మిగిలింది అందరూ కలిసి అడిగి తెచ్చుకునేలా చూస్తే చాలు.