వెనుక వరుసలో త్రిఫోన్ ఇవానోవ్

ఫుట్‌బాల్ పోటీ జరిగిన మరునాడు పత్రిక తెరచినచో గోలు చేసినవాని పేరు కనబడును. అది ఎన్నవ నిమిషమున జరిగినదో ఆ లెక్కయు కనబడును. గోలు కానీయక ఆపినవాని పేరు మాత్రము కనబడదు. జరుగని దానికి లెక్క వ్రాయుట ఎట్లు? మన ఉన్నత పాఠశాలల మైదానములలోను ఇదే వరుస. చురుకైన పిల్లలందరు ముందు వరుస కోరుదురు. కొంచెము బలముగా, నెమ్మదిగా కనిపించువానిని డ్రిల్లు మాస్టరు “నీవు బ్యాక్ ఆడరా” అని వెనుకకు పంపును. అట్టి వెనుక వరుసలో నిలిచి, తన చిన్న దేశమునకు పెద్ద దేశముల సరసన చోటు సంపాదించి పెట్టిన జట్టుకు కంచెవలె నిలబడిన బల్గేరియా ఆటగాడు త్రిఫోన్ ఇవానోవ్.

బల్గేరియా పేరు మన ఫుట్‌బాల్ చరిత్రకు కొత్తది కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు సెమీఫైనలు చేరి, అక్కడ యుగోస్లావియాకు లొంగి, కంచు పతకమునకై బల్గేరియాతో తలపడి 3-0 తేడాతో ఓడినది. ఆనాటి మన జట్టు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచేత ఉపాధ్యాయుడు. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. మనకు అందని పతకమును అందుకొన్న ఆ బల్గేరియాకు ప్రపంచకప్పు మాత్రము ఏనాడును కలిసి రాలేదు. 1962 మొదలు 1986 వరకు అయిదు పర్యాయములు అర్హత పొంది, 16 ఆటలాడి, ఒక్కదానియందును గెలువలేకపోయినది. అయిదు పర్యాయములు ముఖ్యపరీక్షకు కూర్చుండి ఒక్క పేపరైనను గట్టెక్కని విద్యార్థి స్థితి ఎట్టిదో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కర లేదు.

ఇవానోవ్ 1965 జూలై 27వ తేదీన గోర్న లిప్నిత్స అను గ్రామమున జన్మించినాడు. అది ఉత్తర బల్గేరియాలో వెలికో తర్నోవో ప్రాంతమునకు చెందిన ఊరు. యాంత్రా నది మెలికలు తిరుగుచు పారు ఆ వెలికో తర్నోవో పట్టణము మధ్యయుగములలో బల్గేరియా రాజధాని. 1393లో తురుష్కుల వశమైనది. ఆ పట్టణపు క్లబ్బు పేరు ఎతర్. త్రిఫోన్ తొలిసారి పెద్ద ఆట ఆడినది అక్కడనే. తరువాత ప్రపంచప్రసిద్ధి పొందిన జాతీయజట్టులోని బలకోవ్, కిర్యకోవ్, త్స్వెతానోవ్ కూడ ఈ ఎతర్ క్లబ్బున పెరిగినవారే. రాజధాని సోఫియాకు దూరముగా ఉన్న ఒక పట్టణము ఇందరిని తయారుచేయుట సామాన్యవిషయము కాదు.

ఈ పేర్ల చివర వినబడు “ఓవ్” సంగతి ఇక్కడనే చెప్పవలెను. అది షష్ఠీవిభక్తి వంటిది. ఇవాన్ అను వాని సంతతి ఇవానోవ్. మన ఇంటిపేరు ముందు నడచును, వారిది వెనుక నడచును, భేదమంతే. 1994లో జర్మనీతో ఆడిన బల్గేరియా పదునొకండుగురి పేర్లును “ఓవ్” లేక “ఎవ్” తోనే ముగిసినవి. రేడియో వ్యాఖ్యాతల నాలుకలకు అది ఎంత శ్రమయో ఊహించుకొనవచ్చును.

1988లో ఇవానోవ్ సోఫియాలోని సి.ఎస్.కె.ఎ. క్లబ్బున చేరినాడు. అది సైన్యపు క్లబ్బు. స్తొయిచ్కోవ్, కొస్తదీనోవ్ ఆనాడు అక్కడనే ముందు వరుస ఆడుచుండిరి. 1989లోను, 1990లోను ఆ క్లబ్బు దేశపు లీగును గెలిచినది. ఈ రెండు విజయములకు నడుమ దేశమే మారిపోయినది. 1989 నవంబరులో, ముప్పదియైదు సంవత్సరములు పార్టీని ఏలిన తోదోర్ జివ్కోవ్ పదవి నుండి తొలగింపబడినాడు. అంతకుముందు ఆటగానికి ముప్పదేండ్లు దగ్గరపడువరకు విదేశపు క్లబ్బునకు పోవుట కష్టసాధ్యము. ఇప్పుడు తలుపులు తెరచుకొన్నవి. స్తొయిచ్కోవ్ బార్సిలోనాకు, కొస్తదీనోవ్ పోర్టోకు, బలకోవ్ లిస్బన్‌కు వెళ్ళినారు. ఇవానోవ్‌ను స్పెయిన్ దేశమున సెవిల్లె పట్టణపు బేటిస్ క్లబ్బు తీసుకొన్నది. ఆ క్లబ్బు 1991లోనే క్రింది తరగతికి దిగజారినది. అక్కడ అతనికి గొప్ప యోగము పట్టలేదనియే చెప్పవలెను. 1993లో స్విట్జర్లాండులోని న్యూషాటెల్ క్లబ్బునకు మారినాడు.

ఆ సంవత్సరము నవంబరు 17న పారిస్ నగరమున ఫ్రాన్సు, బల్గేరియా తలపడినవి. ఫ్రాన్సు ఓడకున్న చాలును, ప్రపంచకప్పునకు పోవును. ఆట 1-1గా చివరి నిమిషమునకు వచ్చినది. అప్పుడు కొస్తదీనోవ్ కుడిప్రక్క నుండి దూసుకొనిపోయి రెండవ గోలు చేసినాడు. ఆ గోలును ప్రపంచమంతయు నేటికిని చెప్పుకొనుచున్నది. తొంబది నిమిషములు ఫ్రెంచివారిని ఒక్క గోలుకు కట్టడిచేసిన వెనుక వరుసను ఎవరు చెప్పుకొందురు? ఆ వరుస మధ్యలో ఇవానోవ్ ఉన్నాడు.

1994లో అమెరికాలో జరిగిన ప్రపంచకప్పు అతనిని లోకమునకు పరిచయము చేసినది. అయితే పరిచయము చేసినది ఆట కంటె ముందు ముఖము. మెడమీద వ్రేలాడు జుట్టు, దువ్వెన ఎరుగని గడ్డము, లోతైన కన్నులు. “బల్గేరియా తోడేలు” అని పేరు పెట్టినారు. పిల్లలు అతని బొమ్మలు సేకరించినారు. ఇందులో ప్రేమ లేకపోలేదు గాని, కొంత అన్యాయమును కలదు. రూపము చూచి నవ్వినవారు, అతడు బంతి ఎక్కడ పడునో ముందే కనిపెట్టి అక్కడ నిలిచియుండుటను చూడలేదు. వేగము అతని బలము కాదు. చోటు తెలియుట అతని బలము.

మొదటి ఆటలో నైజీరియా 3-0తో కొట్టినది. పాత కథయే అనుకొన్నారు. పిమ్మట గ్రీసుపై 4-0: పదునెనిమిదవ ఆటలో దక్కిన తొలి గెలుపు! అటుపిమ్మట అర్జెంటీనాపై 2-0, మెక్సికోపై పెనాల్టీలతో విజయము. శిక్షకుడు దిమితర్ పెనెవ్ తానును ఒకప్పటి వెనుక వరుస ఆటగాడే. 1966, 1970, 1974 ప్రపంచకప్పులలో ఆడి, ఒక్క గెలుపును ఎరుగక తిరిగి వచ్చినవాడు.

జూలై 10న న్యూయార్కు చెంతనున్న మైదానమున జర్మనీ ఎదురైనది. అంతకు నాలుగేండ్ల ముందు కప్పు గెలిచిన జట్టు అది; క్లిన్స్‌మన్, ఫెల్లర్ వంటి ఉద్దండులు ముందు వరుస. పెనాల్టీతో జర్మనీ ముందు గోలు చేసినది. 75వ నిమిషమున స్తొయిచ్కోవ్ ఫ్రీకిక్కు, 78వ నిమిషమున లెచ్కోవ్ తలతో కొట్టిన బంతి, 2-1. చరిత్ర ఇక్కడ ఆగును. నిజమునకు ఇక్కడనే ఇవానోవ్ పని మొదలైనది. ఇంకను పండ్రెండు నిమిషములు మిగిలియున్నవి, జర్మనులు మైదానమంతయు వచ్చి మీద పడిరి, స్కోరు మారలేదు. ఆ పండ్రెండు నిమిషములను గూర్చి పుస్తకములలో ఒక పంక్తియైనను కనిపించుట అరుదు.

సెమీఫైనలులో ఇటలీ 2-1తో గెలిచినది. మూడవ స్థానపు ఆటలో అలసిన బల్గేరియా స్వీడనుకు 4-0తో ఓడినది. ఆ పోటీలలో స్తొయిచ్కోవ్ 6 గోలులు చేసి, ఆ యేటి ఐరోపా ఉత్తమ ఆటగాడైనాడు. ఇవానోవ్ దేశము తరఫున డెబ్బదికి పైగా ఆటలాడి, మొత్తముమీద చేసిన గోలులును 6 మాత్రమే. నలుబది గజముల నుండి గోలును ఉద్దేశించి బంతిని బాదు దురభ్యాసము అతనికి ఉండెడిది. అందులో అధికభాగము ప్రేక్షకుల నడుమ పడినవి. అభిమానులు దానినిగూడ ప్రేమించినారు.

1995లో అతడు ఆస్ట్రియాలోని రాపిడ్ వియన్నా క్లబ్బున చేరినాడు. మరుసటి సంవత్సరమే ఆ క్లబ్బు దేశపు లీగును గెలిచి, ఐరోపా కప్పు విజేతల పోటీలో ఫైనలు చేరి, పారిస్ జట్టు చేతిలో 1-0తో ఓడినది. 1996కు బల్గేరియా ఉత్తమ ఆటగాడుగా ఇవానోవ్ ఎన్నికైనాడు. గోలులు చేయువారికే దక్కు గౌరవము ఈ మారు బ్యాకునకు దక్కినది.

ఆ చలికాలమున అతని దేశమున బ్యాంకులు కూలినవి, ధరలు ఒక్క నెలలో రెట్టింపునకు మించినవి, ప్రజలు వీథులలోకి వచ్చినారు. 1997 ఫిబ్రవరిలో ప్రభుత్వము దిగిపోయినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 10న సోఫియాలో రష్యాతో ప్రపంచకప్పు అర్హత ఆట. కాప్టెన్ ఇవానోవ్. ఆటలో వచ్చినది ఒకే గోలు; చేసినవాడు ఇవానోవ్. విద్యార్థులు లెక్క చూచుకొనవచ్చును. గెలుపునకు మూడు, సమానమైన ఒకటి. ఆ వర్గమున చివరకు బల్గేరియాకు 18, రష్యాకు 17. ఆ ఒక్క గోలు లేనిచో బల్గేరియా 16, రష్యా 18.

ఫ్రాన్సులో 1998 ప్రపంచకప్పు ఆ తరమునకు అస్తమయము. పరాగ్వేతో గోలు లేని సమము, నైజీరియా చేతిలో 1-0 ఓటమి, స్పెయిను చేతిలో 6-1. అటుపైన ఇవానోవ్ వియన్నాలోనే ఒక చిన్న క్లబ్బున కొన్నాళ్ళు ఆడి విరమించినాడు. వెలికో తర్నోవో ప్రాంతమునకు తిరిగి వచ్చి, పేరుకై ప్రాకులాడక బ్రతికినాడు.

త్రిఫోన్ అను పేరు ద్రాక్షతోటలను కాపాడు ఒక క్రైస్తవసాధువుది. ఫిబ్రవరి 14న బల్గేరియా రైతులు ఆయన పేర తోటలకు పోయి, తీగెలను కత్తిరించి, మొదళ్ళలో ద్రాక్షసారాయము పోయుదురు. 2016లో ఆ పండుగకు ముందటి రోజు, ఫిబ్రవరి 13న, గుండె ఆగి త్రిఫోన్ ఇవానోవ్ మరణించినాడు. అప్పటికి అతనికి ఏబది సంవత్సరములు.