వెంటిలేటర్‌పై ఉన్న రోగికి పోషణ – న్యుమోనియా నివారణ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- వెంటిలేటర్‌పై ఉన్న రోగికి రోజుకు ఎంత ఆహారం అవసరమో లెక్కించగలుగుతారు.
- గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేటప్పుడు న్యుమోనియా ఎలా వస్తుందో, దానిని ఎలా నివారించాలో వివరించగలుగుతారు.

1. పరిచయం

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. చిలుకూరు మండలానికి చెందిన 50 కిలోల బరువున్న ఒక రైతు మిర్యాలగూడ రైస్ మిల్లుకు ధాన్యం తోలి తిరిగి వస్తూ ప్రమాదానికి గురయ్యాడు. తలకు దెబ్బ తగిలి స్పృహ లేదు. సూర్యాపేట ఆసుపత్రిలో శ్వాసనాళంలో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. రెండో రోజు అతని భార్య మిమ్మల్ని అడుగుతుంది: "కడుపులోకి ఏమన్నా పోతుందా సారూ?" పక్కనున్న బంధువు "సెలైన్ ఎక్కుతుంది కదా, అదే తిండి" అంటాడు. ఆమె అడిగినది సరైన ప్రశ్న. బంధువు చెప్పినది పొరపాటు. ఎందుకో చూద్దాం.

2. సెలైన్ ఆహారం కాదు

మామూలు సెలైన్‌లో ఉండేవి ఉప్పు, నీరు మాత్రమే, క్యాలరీలు లేవు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఒక లీటరులో 50 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. దాని నుండి లభించేది సుమారు 170 కిలో క్యాలరీలు. మాంసకృత్తులు అసలు లేవు.

తీవ్ర అనారోగ్యంలో రోగికి కిలో బరువుకు రోజుకు సుమారు 25 కిలో క్యాలరీలు, 1.3 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యంగా తీసుకుంటారు. మన రైతుకు ఇది 1250 కిలో క్యాలరీలు, 65 గ్రాముల మాంసకృత్తులు అవుతుంది. డెక్స్‌ట్రోజ్‌తోనే ఇన్ని క్యాలరీలు ఇవ్వాలంటే ఏడు లీటర్లు దాటుతుంది. అది సాధ్యం కాదు.

ఆహారం అందకపోతే శరీరం తన కండరాలనే కరిగించుకుంటుంది. ఊపిరి తీయించే డయాఫ్రమ్ కూడా కండరమే. అది బలహీనపడితే దగ్గు బలం తగ్గుతుంది, వెంటిలేటర్ నుండి బయటపడటం ఆలస్యమవుతుంది. వెంటిలేటర్‌పై రోజులు పెరిగే కొద్దీ న్యుమోనియా ముప్పు పెరుగుతుంది.

3. ఆహారం ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

రక్తపోటు నిలకడగా ఉండి, పేగులు పనిచేస్తుంటే 24 నుండి 48 గంటలలోపు గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టాలి. షాక్ అదుపులోకి రాకపోతే ఆగాలి. రక్తప్రసరణ తక్కువగా ఉన్న పేగుకు ఆహారం హాని చేయవచ్చు.

సాధారణంగా ముక్కు ద్వారా రైల్స్ ట్యూబ్ వేస్తారు. పుర్రె అడుగు ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే మాత్రం నోటి ద్వారానే వేయాలి. గాలి ఊది స్టెతస్కోప్‌తో వినడం నమ్మదగిన పరీక్ష కాదు. గొట్టం కడుపులోనే ఉందని ఎక్స్‌రేతో నిర్ధారించుకోవాలి.

గంటకు సుమారు 20 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులలో పూర్తి లక్ష్యానికి చేరాలి. చాలా రోజులుగా తిండి లేనివారికి ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ప్రమాదకరంగా పడిపోతాయి.

ఇంటి నుండి తెచ్చిన గంజిలో ప్రధానంగా పిండిపదార్థమే ఉంటుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అది కీడు. ప్రేమతో తెచ్చినదాన్ని విసుక్కోకుండా, ఎందుకు ఇవ్వకూడదో బంధువులకు వివరించండి.

4. న్యుమోనియా ఎలా వస్తుంది?

గొట్టం వేసిన 48 గంటల తరువాత వచ్చే న్యుమోనియాను వెంటిలేటర్ సంబంధిత న్యుమోనియా అంటారు. శ్వాస గొట్టం చివర కఫ్ అనే గాలి బుడగ ఉంటుంది. నోటిలోని క్రిములతో కూడిన లాలాజలం, కడుపు నుండి పైకి వచ్చిన ద్రవం కఫ్ పైన నిలిచి, సందుల గుండా ఊపిరితిత్తులలోకి జారుతాయి.

1999లో స్పెయిన్‌లో 86 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, వెల్లకిలా పడుకోబెట్టినవారిలో 34 శాతం మందికి న్యుమోనియా అనుమానం కలిగింది. తల వైపు ఎత్తి ఉంచినవారిలో అది 8 శాతమే. వెల్లకిలా పడుకుని, గొట్టం ద్వారా ఆహారం తీసుకుంటున్నవారికి ముప్పు అందరికంటే ఎక్కువ. ఆహారం మానడం దీనికి పరిష్కారం కాదు. పడక తల ఎత్తడమే పరిష్కారం.

5. ప్రతి షిఫ్టులో చేయవలసిన పనులు

- పడక తల వైపు 30 నుండి 45 డిగ్రీలు ఎత్తండి. వెన్నుపూస గాయం అనుమానం ఉంటే నడుము దగ్గర వంచకుండా మంచం మొత్తాన్ని వాల్చండి.
- రోగిని తాకే ముందు, తాకిన తరువాత చేతులు శుభ్రం చేసుకోండి.
- మెత్తని బ్రష్‌తో పళ్లు తోమండి. క్లోర్‌హెక్సిడిన్‌ను అందరికీ రోజూ వాడాలని ఇటీవలి మార్గదర్శకాలు చెప్పడం లేదు.
- కఫ్ పీడనం 20 నుండి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉందో లేదో కొలవండి.
- పొడి కలిపి తయారుచేసిన ఆహారాన్ని 4 గంటలకు మించి బయట ఉంచకండి.
- మత్తుమందు తగ్గించవచ్చా, రోగి సొంతంగా ఊపిరి తీయగలడా అని రోజూ వైద్యుడిని అడగండి.

6. సారాంశం

ఈ పనులలో ఖరీదైన యంత్రం అవసరమైనది ఒక్కటీ లేదు. బ్రష్, సబ్బు, పడక కింది మర, సమయానికి ఆహారం — ఇవి జిల్లా ఆసుపత్రిలోనూ ఉంటాయి. రాత్రి రెండు గంటలకు కూడా వాటిని మరువకుండా చేసే మనిషి కావాలి. ఆ మనిషి మీరే కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 60 కిలోల రోగికి రోజుకు ఎన్ని కిలో క్యాలరీలు, ఎన్ని గ్రాముల మాంసకృత్తులు అవసరం?
2. సెలైన్ ఎక్కుతోంది కాబట్టి ఆహారం అక్కరలేదన్న బంధువుకు మీరు ఏమని చెబుతారు?
3. పోషణ లోపం న్యుమోనియా ముప్పును ఎలా పెంచుతుందో వివరించండి.