పనిచోట సహనం

కొన్నేళ్ళ క్రితం, రంజాన్ చివరి పది రోజులు. మాది చిన్న టైలరింగ్ షాపు. నాలుగు మిషన్లు, నాతో కలిపి ఐదుగురం. పండుగ ముందు ఊపిరి సలపనంత పని ఉంటుంది. పగలు రోజా, రాత్రి తరావీహ్ నమాజు అయ్యాక మళ్ళీ మిషను. అలాంటి ఒక సాయంత్రం, ఇఫ్తారుకు ఇంకా అరగంట ఉందనగా, ఒకాయన వచ్చి తన కుర్తా తొడుక్కుని చూసుకున్నాడు. చేతులు మణికట్టుకు మూడంగుళాల పైనే ఆగిపోయాయి.

ఆ బట్ట కత్తిరించింది మా దగ్గర కటింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు. నలుగురి ముందు వాణ్ణి నానా మాటలూ అన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా మాటల్లోకి లాగాను. వాడు తల దించుకుని నిలబడ్డాడే తప్ప నోరు విప్పలేదు.

రాత్రి కొలతల పుస్తకం తీశాను. చెయ్యి పొడవు 24 అని రాశాననుకున్నాను. తొందరలో నేను గీసిన 4 అచ్చం 1 లాగే ఉంది. వాడు 21 అని చదివాడు, 21కే కత్తిరించాడు. తప్పు నాది, తిట్లు వాడికి. తెల్లవారుజాము నుంచి ఆకలిని, దాహాన్ని ఆపుకోగలిగిన నేను నా నాలుకను మాత్రం అరగంట ఆపుకోలేకపోయాను.

ఎవరి ముందు సహనం?

అరబీలో 'సబ్ర్' అనే మాటకు మూలార్థం ఆపుకోవడం, నిగ్రహించుకోవడం. మనం సాధారణంగా ఈ మాటను జబ్బు చేసినప్పుడో, అయినవారు పోయినప్పుడో గుర్తు చేసుకుంటాం. కానీ ఎక్కువమందికి అది రోజూ అవసరమయ్యే చోటు పనిచేసే చోటే. అక్కడ మనుషులను మనం ఎంచుకోలేం. వారితోనే రోజుకు ఎనిమిది, పది గంటలు గడపాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. యజమాని కోప్పడితే మనం మౌనంగా ఉంటాం. అది సహనం కావచ్చు, ఉద్యోగం పోతుందన్న భయమూ కావచ్చు. మన కింద పనిచేసేవారు తప్పు చేసినప్పుడు మాత్రం మనల్ని ఆపే భయమేమీ ఉండదు. అసలు పరీక్ష అక్కడే.

హజ్రత్ అనస్ (రజి) సుమారు పదేళ్ళ వయసులో దైవప్రవక్త ముహమ్మద్ (స) సేవలో చేరారు. మదీనాలో పదేళ్ళు ఆయన దగ్గరే ఉన్నారు. ఆ పదేళ్ళలో ప్రవక్త (స) ఒక్కసారి కూడా తనపై విసుగు చూపలేదని, చేసిన పనిని ఎందుకు చేశావని గానీ, చేయని పనిని ఎందుకు చేయలేదని గానీ నిలదీయలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. పదేళ్ళ పిల్లవాడు పనిలో పొరపాట్లు చేయకుండా ఉంటాడా? చేసే ఉంటాడు. పెద్దయ్యాక ఆయనకు గుర్తున్నది మాత్రం తన పొరపాట్లు కాదు, ప్రవక్త (స) వ్యవహరించిన తీరు.

హజ్రత్ అబూ మస్ఊద్ (రజి) ఒకరోజు తన బానిసను కొడుతున్నారు. వెనుక నుంచి ఎవరో పిలిచారు. కోపంలో ఆ గొంతు ఎవరిదో కూడా ఆయనకు తెలియలేదు. దగ్గరికి వచ్చాక చూస్తే దైవప్రవక్త (స). ఇతనిపై నీకున్న శక్తి కన్నా నీపై అల్లాహ్‌కు ఉన్న శక్తి ఎక్కువని ఆయన హెచ్చరించారు. అబూ మస్ఊద్ (రజి) అక్కడికక్కడే ఆ బానిసను విడుదల చేశారు. కోపం వచ్చినప్పుడు తెలిసిన గొంతు కూడా వినిపించదన్న మాటను మనమంతా గుర్తుంచుకోవాలి.

సహనమంటే అన్నీ మింగడమా?

కాదు. కూలి ఎగ్గొట్టే యజమాని ముందు నోరు మూసుకోమని ఇస్లాం చెప్పలేదు. పనివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త (స) బోధ. శక్తికి మించిన పని అప్పగించవద్దని, అప్పగిస్తే తామూ చెయ్యి కలపాలని కూడా ఆయన ఆదేశించారు. కాబట్టి న్యాయంగా రావలసినది అడగడం సహనానికి విరుద్ధం కాదు. అడిగేటప్పుడు హద్దు దాటకపోవడమే సహనం.

పనిచోట వేధింపులకు గురయ్యే సోదరికి "ఓర్చుకో" అని చెప్పడం సలహా కాదు, అన్యాయానికి తోడ్పాటు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అలాంటి ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. ఆమెకు తోడుగా అక్కడిదాకా వెళ్ళడం మన బాధ్యత.

ఆచరణలో

కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని హదీసు. పనిచోట పడుకోలేం గానీ కూర్చోగలం, ఒక గ్లాసు నీళ్ళు తాగగలం, లేచి వుజూ చేసుకుని రాగలం.

రెండవది, తీర్పుకు ముందు ప్రశ్న. "ఎందుకిలా చేశావ్?" అన్నది ప్రశ్నలా కనిపించే తీర్పు. "ఏం జరిగింది?" అన్నది నిజమైన ప్రశ్న. ఆ సాయంత్రం నేను ఆ రెండు మాటలు అడిగి ఉంటే కుర్రాడు కొలతల పుస్తకం తెచ్చి చూపించేవాడు.

మూడవది, తప్పును చాటుగా చెప్పడం. నలుగురిలో చెబితే వినేవాడికి తప్పు గుర్తుండదు, అవమానమే గుర్తుంటుంది.

ఇక సహనం కోల్పోయాక ఏం చేయాలి? ఆలి ఇమ్రాన్ సూరా 134వ ఆయతులో కోపాన్ని దిగమింగడం, మనుషులను క్షమించడం, మేలు చేయడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నేను మొదటి మెట్టు మీదే జారిపడ్డాను. ఆ స్థితిలో క్షమించేవాడు ఆ కుర్రాడే, క్షమాపణ అడగవలసినవాణ్ణి నేను.

మర్నాడు షాపు తెరిచాక, మిగతా ముగ్గురి ముందు, పుస్తకం చూపించి తప్పు నాదేనని చెప్పాను. "పోనీలెండి మాస్టర్, రోజాలో ఉన్నారు కదా" అన్నాడు వాడు. నాకు ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది. వాడు కూడా రోజాలోనే ఉన్నాడు.

కుర్తా యజమానికి నా ఖర్చుతో కొత్త బట్ట కొని, ఆ రాత్రే కుట్టి ఇచ్చాం. అప్పటి నుంచి మా షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కత్తెర పట్టుకునే ముందు కొలతను పైకి చదవాలి, రాసినవారు విని అవునని చెప్పాలి. పొరపాట్లు పూర్తిగా పోలేదు. అరుపులు మాత్రం చాలావరకు తగ్గాయి.