బడిలోని బలిమి, ఇంటిలోని దెబ్బ

అనంతపురమనగానే వానలెక్క చెప్పుట మనకు అలవాటు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగింపగా, ఈశాన్య ఋతుపవనములకు తూర్పుతీరము దూరమైపోగా, సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని, ఎఱ్ఱనేలలో చెనిక్కాయ విత్తి, ఆకాశమువంక చూచుచు తరములు గడపిన ఈ పీఠభూమినిగూర్చి వ్రాసినవారు పంటనష్టమును, అప్పును, బెంగుళూరు వలసను లెక్కించిరేగాని, పిల్లవాడు తోటిపిల్లవానిని కొట్టుటయు, మగవాడు ఆలిని కొట్టుటయు ఆ లెక్కలలోనికి వచ్చుట అరుదు. మొదటిది పసితనపు చేష్టయనియు, రెండవది కాపురపు గుట్టనియు మనము తలంచుటయే ఇందుకు హేతువు. ఆ రెంటికిని నడుమగల బంధుత్వమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా బడి. 1970 దశకము మొదలుకొని స్వీడన్, నార్వే దేశములలో బాలుర దౌర్జన్యమును శాస్త్రీయముగా పరిశీలించిన డాన్ ఓల్వెయస్ దానికి మూడు లక్షణములు చెప్పెను: బాధింపవలెనను ఉద్దేశముండుట, పదేపదే జరుగుట, బాధించువానికిని బాధితునికిని బలములో సామ్యము లేకుండుట. సమబలులైన ఇరువురు గోళీలకొఱకు కలియబడినచో అది జగడము. తల్లిదండ్రులు వలసపోగా అవ్వయొద్ద పెరుగుచు, చినిగిన చొక్కాతో బడికివచ్చు నొకనిని నలుగురు చేరి, కులము పేరనో రంగు పేరనో నిత్యము గేలిచేయుట, ఆటలో చేర్చుకొనకుండుట, మధ్యాహ్నభోజనపు వరుసనుండి నెట్టివేయుట దౌర్జన్యము.

ఇట్టి దౌర్జన్యమునకు మన జిల్లాయందు సాక్ష్యము లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము నడపిన ‘యంగ్ లైవ్స్’ పరిశోధన 2002 నుండి ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశములలోవలెనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోను సుమారు 3,000 మంది పిల్లల బ్రతుకులను ఏండ్లతరబడి గమనించుచు వచ్చినది; అందుకై ఎన్నుకొన్న జిల్లాలలో అనంతపురమొకటి. పదునైదేండ్ల ప్రాయపు పిల్లలను విచారింపగా, మన రాష్ట్రమునందు నూటికి 28 మంది వెలివేత, చాటుమాటలు మొదలగు పరోక్షబాధలకు లోనైనట్లు తేలినది. శరీరమునకు దెబ్బ తగిలిన పిల్లలు తక్కిన మూడు దేశములలో నూటికి పదిమందికి లోపుండగా, మనయొద్ద ఇరువది దాటిరి. అట్లు బాధలుపడినవారికి పందొమ్మిదవ యేట తమయందు తమకు గల విశ్వాసమును, తల్లిదండ్రులతోడి మైత్రియు తక్కువగా కనబడెను.

ఇక ఇల్లు. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో వివాహితలైన స్త్రీలలో ఇంచుమించు నూటికి ముప్పదిమంది భర్తచేతి హింసను ఎఱిగినవారు. అంతకంటె విస్మయకరమైనది మఱియొకటి కలదు: అత్తమామలను గౌరవింపకపోవుట, ఇల్లు పిల్లలను పట్టించుకొనకపోవుట వంటి కారణములలో ఏ యొకటైనను ఉన్నచో భర్త కొట్టుట న్యాయమేయని అంగీకరించిన స్త్రీలు ఈ రాష్ట్రమున నూటికి దాదాపు 84 మంది. దెబ్బతినువారే దెబ్బకు ధర్మాసనము వేయుచున్న ఇంటిలో, ఆ మాటలు వినుచు పెరుగు బాలునకు, బాలికకు వేఱు నీతి ఎక్కడనుండి రాగలదు?

ఈ రెండు లోకములను కలుపు దారము అమెరికాలోని బోస్టన్ నగరమున దొరికినది. అచ్చటి ఆరోగ్యకేంద్రములకు వచ్చిన, పదునెనిమిది మొదలు ముప్పదియైదేండ్లలోపు పురుషులను సుమారు 1,500 మందిని ప్రశ్నించి, 2011లో ప్రకటించిన అధ్యయనమునుబట్టి, బడినాళ్లలో తోటివారిని తఱచు ఏడిపించితిమని ఒప్పుకొన్నవారు, ఎన్నడును ఏడిపింపనివారితో పోల్చినచో, గడచిన యేడాదిలో తమ సహచరిని హింసించియుండుట ఇంచుమించు నాలుగురెట్లు అధికము. ఏడిపించిన ప్రతిబాలుడును రేపటి క్రూరభర్తయని దీనికి అర్థము కాదు; హింసాగృహములలో పుట్టియు మృదువర్తనులైనవారు మన యెఱుకలోనే ఎందఱో కలరు. కాని బలహీనుని లొంగదీసినచో కోరినది దొరకుననియు, అడ్డుపడువా రెవ్వరును లేరనియు పదేండ్లప్రాయమున అనుభవముచే గ్రహించినవాడు, పెండ్లియైన పిదప దానిని మఱచుటకు ప్రత్యేకకారణ మేదియు లేదు.

ఇచ్చట కరువు ప్రసక్తి రాకమానదు. పంట ఎండినది, బోరు వట్టిపోయినది, అప్పులవాడు వాకిట కూర్చున్నాడు, అందుచేత మనసు చెదరి చేయి చేసికొన్నాడని ఇరుగుపొరుగులు సమర్థింతురు. కరువు సంసారములను క్రుంగదీయుట నిజమే, సారా దానికి తోడగుటయు నిజమే. కాని అదే ఎండిన చేనిలో కలుపుతీసి, అదే అప్పునకు జడిసి, అదే పస్తుతో పరుండిన ఆలు మగనిని కొట్టుచున్నదా? ఆమె చేయి లేచినచో బిడ్డపై లేచును, ఆ బిడ్డ చేయి తమ్మునిపైననో, బడిలోని బక్కవానిపైననో లేచును. నీరు పల్లమెఱుగునన్నట్లు దెబ్బయు బలహీనునే వెదకికొనును. కష్టము అందఱిదియైనను కోపము క్రిందికే ప్రవహించుటకు హేతువు, ఎవరిని కొట్టినచో తిరిగి కొట్టరో అందఱును ముందే నేర్చియుండుట.

మన చట్టములు ఈ సంబంధమును గుర్తింపక దేనిదారిన అది నడచుచున్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని పదునేడవ విభాగము బడిలో శారీరకదండనమును, మానసికవేధింపును నిషేధించినను, ఆచరణలో అది ప్రధానముగా ఉపాధ్యాయుని బెత్తమునుగూర్చిన మాటగానే మిగిలినది. 2005లో శాసనమై 2006 అక్టోబరునుండి అమలునకు వచ్చిన గృహహింస నిరోధకచట్టము భార్యకు రక్షణాధికారిని, నివాసహక్కును ప్రసాదించినను, గోడవార నిలిచి చూచిన పిల్లవాడు మఱునాడు బడిలో ఏమిచేయునో విచారింపదు. బాలలకు 1098, స్త్రీలకు 181 అని ఫోను సంఖ్యలును వేఱువేఱుగానే యున్నవి.

ఈ రెండు హింసలను కలిపి ఎదుర్కొను పనికి ఈ జిల్లాలో పునాది మాత్రము కొఱతగా లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇచ్చట నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెపల్లెను స్త్రీసంఘములను పెంపొందించినది; అంగన్‌వాడీ కలదు, పొదుపుసంఘము కలదు, ప్రతిబడికి తల్లిదండ్రుల కమిటీ కలదు. కావలసినది వీరు ఒకరితో నొకరు మాటలాడుట. తోటివానిని నిత్యము కొట్టు బాలుని గోడకుర్చీ వేయించి, బెత్తముతో దండించిన ఉపాధ్యాయుడు, బలవంతుడు కొట్టవచ్చునను పాఠమునే మఱింత గట్టిగా చెప్పినవాడగును. అట్లుగాక, దెబ్బతిన్నవానికి ముందు రక్షణ కల్పించి, కొట్టినవానిచే తప్పు దిద్దించి, ‘ఇంట ఎట్లున్నదిరా?’ అని విడిగా అడిగి, ఆ జవాబునుబట్టి సంఘపు స్త్రీలను ఆ యింటికి పంపగలిగినచో, ఒక్క ప్రయత్నమున రెండు హింసలను తాకినవాడగును. పదునైదేండ్ల బాలుడు ఇంకను ప్రతిదినమును ఒక ఉపాధ్యాయుని యెదుట కూర్చుండును. పదేండ్లు గడచినచో అతనిని మందలింపగల చోటు పోలీసు ఠాణా యొక్కటియే మిగులును, అచ్చటికి పోవుటకు ముందుగా ఒక స్త్రీ దెబ్బతినియుండవలెను.