పెట్టెలో ఉన్నదొకటి.. కాగితంలో ఉన్నదొకటి!

టెక్సాస్‌లో మేం అద్దెకుండే ఇంటి పక్కనే ఒక పెద్దాయన ఉంటారు. డెబ్బై దాటాయి. మా అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి ఒక్క స్పూను తిని మూడు గ్లాసుల నీళ్లు తాగిన మనిషి. ఒక ఆదివారం నన్ను పిలిచి, ‘నువ్వు కంప్యూటర్ పని చేస్తావు కదా, మా నాన్న పిస్టల్ చరిత్ర కనిపెట్టి పెడతావా?’ అని అడిగారు. కంప్యూటర్ వాడికి అన్నీ తెలుస్తాయనుకోవడం మన ఊళ్లోనే కాదు, అక్కడా ఉంది!

అది లూగర్. పాత యుద్ధం సినిమాల్లో జర్మన్ ఆఫీసర్ల చేతిలో కనిపిస్తుందే, పైన మోకాలిలా మడతపడే భాగం ఉంటుంది, అదే. 1908లో జర్మన్ సైన్యం తీసుకుంది కాబట్టి పి08 అని కూడా అంటారు. 1944లో నార్మండీలో దిగిన వాళ్ల నాన్న, పట్టుబడ్డ ఒక జర్మన్ ఆఫీసర్ దగ్గర తీసుకున్నారట. ఇప్పుడు దాన్ని మనవడికి ఇవ్వాలి. ఇచ్చేముందు దాని కథ ఒక పేజీ రాసిపెట్టాలని పెద్దాయన కోరిక.

నేను వీసా మీద ఉన్నవాణ్ణి. కొన్ని మినహాయింపులున్నా, మాలాంటివాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి చట్టం. ఎందుకొచ్చిన గొడవ అని, ‘మీరు ఫొటోలు పంపండి చాలు’ అన్నాను. ఇరవై పైనే వచ్చాయి.

పాత తుపాకీ ఒక లాగ్ ఫైల్ లాంటిది. ఎవరి చేతిలో పడితే వాళ్లు ఏదో ఒక గుర్తు వేసి వదులుతారు. దీని మీద ‘బివైఎఫ్’ అని ఉంది. అది మౌజర్ ఫ్యాక్టరీకి రహస్య కోడ్. తయారీ ఎక్కడో శత్రువుకి తెలియకూడదని అలా పెట్టుకున్నారు. పక్కనే 42, అంటే 1942. ఇక్కడిదాకా పెద్దాయన కథ సరిపోయింది.

సీరియల్ నంబర్ దగ్గర మొదటి చిక్కు. అమెరికా కోల్ట్ పిస్టలయితే, డబ్బు కడితే కంపెనీ పాత రికార్డులు చూసి ఏ తేదీన ఎక్కడికి పంపారో ఉత్తరం ఇస్తుంది. లూగర్‌కి ఆ సుఖం లేదు. పైగా నంబర్ పది వేల దాకా వెళ్లగానే పక్కన ఒక అక్షరం చేర్చి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టేవాళ్లు. కొత్త సంవత్సరం రాగానే అంతా మళ్లీ మొదటికి. అందుకే సంవత్సరం తెలియకుండా నంబర్ ఒక్కటే తెలిస్తే ఏమీ తేలదు.

చిన్న భాగాల మీద కూడా ఆ నంబర్ చివరి రెండంకెలు కొడతారు. అన్నీ కలిస్తేనే సేకరించేవాళ్ల దగ్గర మంచి ధర. ఇక్కడ కలవలేదు. రెండు భాగాల మీద అంకెలు అచ్చు కొట్టినవి కావు, కరెంటు కలంతో గీకినవి. నలుపు పూత మరీ కొత్తగా, అంతటా ఒకేలా ఉంది. ఒక పక్కన ‘ఎక్స్’ ఆకారం గుర్తు.

అది చూడగానే నాకు నోట మాట రాలేదు. యుద్ధంలో సోవియట్ సైన్యం పట్టుకున్న జర్మన్ ఆయుధాలను విప్పి, కలిపి, కొత్త పూత వేసి గోదాముల్లో పెట్టింది. ఆ గుర్తులన్నీ ఆ సరుకువే. 1991లో సోవియట్ యూనియన్ పోయాక అది అమెరికా మార్కెట్‌కి వచ్చింది.

అయినా అనుమానం ఉంచుకోకూడదని, గొట్టం అడుగు భాగం ఫొటో కూడా అడిగాను. జూమ్ చేస్తే చీమంత అక్షరాల్లో దిగుమతి చేసిన కంపెనీ పేరు, ఊరు. ఇలా చెక్కాలన్నది 1968 చట్టం వచ్చాక పెట్టిన నిబంధన. నార్మండీ నుంచి సైనికుడి సంచిలో వచ్చిన పిస్టల్ మీద అది ఉండే అవకాశమే లేదు.

రెండు రోజులు ఆయనకు ఎదురుపడకుండా తిరిగాను. పోయిన తండ్రి అబద్ధం చెప్పాడని కొడుక్కి ఎలా చెప్తాం? మూడో రోజు ధైర్యం చేసి అడిగాను, ‘మీ చిన్నప్పుడు దీన్ని చూశారా?’ అని. ఆయన ఆలోచించి, ‘లేదు. అమ్మ పోయాకే చూపించాడు’ అన్నారు. కాసేపాగి, ‘పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది, చూస్తావా?’ అంటూ లేచారు.

1945 నాటి కాగితం. సైనికులు యుద్ధంలో దొరికినవి ఇంటికి తెచ్చుకోవాలంటే పై ఆఫీసర్ సంతకం చేసి ఇచ్చే అనుమతి. అందులో టైపు చేసి ఉంది: లూగర్ పిస్టల్, ఒకటి. పక్కనే నంబర్.

అది పెట్టెలో ఉన్నదాని నంబర్ కాదు.

అంటే ఆయన నిజంగానే ఒక లూగర్ తెచ్చారు. తర్వాత ఎప్పుడో, ఏ అవసరానికో అది చేయి దాటిపోయింది. ముసలితనంలో అలాంటిదే ఇంకొకటి కొనుక్కుని ఆ కాగితం పక్కనే పెట్టుకున్నారని నాకనిపిస్తోంది. మా నానమ్మ తాకట్టులో పోయిన నాను తాడు బదులు, చివరి రోజుల్లో గిల్టుది వేసుకునేది. అడిగితే ‘ఇది మా అమ్మ పెట్టింది’ అనేది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం మడిచి, ‘ఈ నంబర్‌ది ఇప్పుడెక్కడుందో దొరుకుతుందా?’ అన్నారు. కాగితంలో తయారీ సంవత్సరం లేదు, కష్టమేనన్నాను. అయినా వేలం సైట్లలో ఆ నంబర్‌కి అలర్ట్ పెట్టాను. ఇప్పటికి నాలుగు మెయిల్స్ వచ్చాయి. నాలుగింటిలోనూ అంకెలు కలిశాయిగానీ, పక్కన అక్షరం వేరు.